చీకటి అల్మారాలో మొక్కే పొడుగ్గా పెరిగింది, ఇప్పుడు పిల్లలకి ఏం చెప్పను?

చిగురుటీచర్
సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఏడో తరగతికి సైన్స్ చెప్తాను. "మొక్కకి వెలుతురు కావాలి" అన్న మాట ఈసారి నేను చెప్పకూడదు, కప్పులే చెప్పాలి అనుకున్నాను. ఎనిమిది గ్రూపులు, గ్రూపుకి రెండు కప్పులు, కప్పుకి మూడేసి చిక్కుడు గింజలు. అన్నిటికీ ఒకే మట్టి, సిరంజితో కొలిచి పోసే నీళ్లు. ఒక కప్పు ఎండ తగిలే కిటికీలో, రెండోది తలుపు మూసిన అల్మారాలో. రోజూ స్కేలు పెట్టి ఎత్తు కొలిచి నోట్‌బుక్‌లో రాయాలి. బడి ఉన్న ఏ రోజూ పిల్లలు మానలేదు. కొలత కోసం ఇంటర్వెల్ కూడా వదులుకున్నారు.

ఈరోజుతో పది కొలతలు పూర్తయ్యాయి. కిటికీలోవి 11, 12 సెంటీమీటర్ల దగ్గరున్నాయి. అల్మారాలోవి 24, 25. పిల్లలు సగటు తీశారు, గ్రాఫ్ గీశారు, బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు: "ముగింపు: మొక్కలు చీకట్లోనే బాగా పెరుగుతాయి." ఎనిమిది గ్రూపులదీ ఒకే మాట. ఒకమ్మాయి లేచి, "అయితే పుస్తకం తప్పా మేడమ్?" అంది. "రేపు మాట్లాడుకుందాం" అని బయటపడ్డాను.

నాకు కారణం తెలియక కాదు. కానీ రేపు వెళ్లి "మీది తప్పు, పుస్తకమే రైటు" అంటే ఈ పది రోజుల కొలతలకి విలువేముంది? చెప్పినట్టే చేశారు, కొలిచిందే రాశారు. ఇలాంటిది ఎవరికైనా ఎదురైందా?

పాతచాక్‌పీస్
సోమవారం, రాత్రి 9:48

అమ్మా, ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పి దిగిపోయినవాణ్ని. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవడానికేమీ లేదు. వెలుతురు అందని మొక్క పాలిపోయి సాగుతుంది. అది పెరుగుదల కాదు, వెతుకులాట. రెండు కప్పులూ పక్కపక్కన పెట్టి చూపించండి. ఒకటి ఆకుపచ్చగా నిటారుగా ఉంటుంది, ఇంకొకటి పసుపుపచ్చగా తాడులా వేలాడుతుంది. అయిదు నిమిషాల పని. ఉన్నది నలభై నిమిషాల పీరియడు, వెనక ఇంకా తొమ్మిది పాఠాలున్నాయి. అన్నీ పిల్లలే కనిపెట్టాలంటే ఈ ఏడాదికి సిలబస్ పూర్తవదు.

కొత్తపంతులు
సోమవారం, రాత్రి 10:05

మీకు కనీసం మొలిచాయి మేడమ్. నా క్లాసులో సగం కప్పులు వారానికే చచ్చిపోయాయి. విడిగా అడుగుతాను లెండి.

వేరుమూలం
సోమవారం, రాత్రి 11:20

నా పని మొక్కల మీదే, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

పాతచాక్‌పీస్ గారు చెప్పింది నిజమే, కానీ "వెతుకులాట" అన్న మాటతో పిల్లల ప్రశ్నకి జవాబు రాదు. గింజలో ఉన్న రెండు బద్దలూ ఆ మొలకకి తల్లి కట్టిచ్చిన మూట. అందులో పిండిపదార్థం, మాంసకృత్తులు ఉంటాయి. వెలుతురు తగలనంతసేపూ మొలక తాను ఇంకా మట్టి కిందే ఉన్నట్టు నడుచుకుంటుంది. మట్టి కింద ఆకులతో పనేముంది? అందుకని వాటిని విప్పదు. పత్రహరితం తయారు చేయదు, చిక్కుడు లాంటి మొక్కల్లో వెలుతురు లేకుండా అది తయారవదు కూడా. కొన వంచుకుని, మూటలో ఉన్నదంతా ఒక్క కాండం మీదే ఖర్చు పెడుతుంది. అదీ కొత్త పదార్థం చేర్చుకుని కాదు, ఉన్న కణాల్లోకి నీళ్లు ఎక్కించుకుని వాటిని సాగదీసి. వెలుతురు తగిలిన మరుక్షణం, దాన్ని పసిగట్టే ఫైటోక్రోమ్ లాంటి గ్రాహకాలు "ఇక సాగింది చాలు, ఆకులు విప్పు" అని చెప్తాయి.

అంటే మీ పిల్లలు కొలిచింది పొడవు. పొడవులో అల్మారా మొక్కలే గెలిచాయి, అందులో తప్పేమీ లేదు. మొక్కలో పదార్థం ఎంత పెరిగిందన్నది వేరే ప్రశ్న, దానికి స్కేలు కాదు, త్రాసు కావాలి. పచ్చి బరువు తూస్తే మళ్లీ మోసపోతారు, అందులో ఎక్కువ భాగం నీళ్లే. పూర్తిగా ఎండబెట్టి తూచండి. అల్మారా మొక్క మొదట్లో గింజ ఉన్న బరువు కంటే తక్కువ తూగుతుంది. ఆ అంకె చూశాక పిల్లల మొహాలు ఎలా మారతాయో చూడాలి.

లెక్కలమాస్టారు
మంగళవారం, ఉదయం 6:30

మేడమ్, పిల్లల వాక్యంలో తప్పంతా ఒక్క మాటలో ఉంది: "బాగా". "చీకట్లో మొక్కలు పొడుగ్గా పెరుగుతాయి" అని రాసి ఉంటే ఈ చర్చకే పని లేదు. పుస్తకం సంగతి పక్కన పెట్టండి. ఈరోజు బోర్డు మీద ఆ "బాగా" చుట్టూ సున్నా చుట్టి, "దీన్ని ఎలా కొలిచారు?" అని అడగండి చాలు.

ఇంకో మాట. కప్పుకి మూడు గింజలన్నారు. అన్నీ మొలిచాయా? మొలవనిదాన్ని సున్నాగా లెక్కేసి సగటు తీశారా, వదిలేశారా? ఎనిమిది గ్రూపులూ ఒకేలా చేశాయా?

చిగురుటీచర్
మంగళవారం, సాయంత్రం 6:15

మాస్టారూ, పట్టేశారు. మూడు గ్రూపులు సున్నా వేశాయి, అయిదు గ్రూపులు వదిలేశాయి. నేను గమనించనే లేదు. ఆ సంగతి తేల్చడానికే ఇరవై నిమిషాలు పట్టింది. "చచ్చిపోయిన మొక్క ఎత్తు సున్నానా, అసలు ఎత్తే లేదా?" అని వాళ్లలో వాళ్లు కొట్టుకున్నారు. చివరికి రెండూ వేరువేరు ప్రశ్నలకి జవాబులని ఒప్పుకున్నారు. ఎన్ని మొలిచాయో ఒక గడిలో, మొలిచినవాటి ఎత్తు ఇంకో గడిలో.

"బాగా" చుట్టూ సున్నా చుట్టాను. మొదట నిశ్శబ్దం. తర్వాత ఒక్కొక్కరే: ఆకులెన్ని, కాండం ఎంత లావు, రంగు, నిలబడుతుందా పడిపోతుందా. వెనక బెంచీ అబ్బాయి ఒకడు, "అల్మారా మొక్క నా అన్నయ్య లాంటిది మేడమ్. పొడుగే, బస్తా మాత్రం ఎత్తలేడు" అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. కానీ అసలు సంగతి దొరికింది అక్కడే. బరువు చూద్దామన్న మాట వాళ్లలోంచే వచ్చింది, నేను చెప్పలేదు.

పాతచాక్‌పీస్ గారూ, మీరన్న అయిదు నిమిషాల పనికి నాకు రెండు పీరియడ్లు పట్టాయి, ఒప్పుకుంటాను.

పాతచాక్‌పీస్
మంగళవారం, రాత్రి 8:02

ఒప్పుకుంటే సరిపోదు, మిగతా తొమ్మిది పాఠాల సంగతేమిటి :)

ల్యాబ్‌తాళాలు
మంగళవారం, రాత్రి 8:40

ల్యాబ్ అసిస్టెంట్‌ని. బరువు తూస్తామనగానే అందరికీ ఉత్సాహమే, తర్వాత గిన్నెలు కడిగేది నేను. పడ్డ తిప్పలన్నీ ముందే చెప్తున్నాను.

మట్టి వద్దు. వేళ్లకి అంటిన మట్టి ఎంత కడిగినా పోదు, గట్టిగా కడిగితే వేళ్లే తెగుతాయి. కడిగిన ఇసుకలోనో తడి కాగితం మీదో పెంచండి. దూది పెడితే వేళ్లు అందులోకి చొచ్చుకుపోతాయి, అదీ చిక్కే. పల్చటి గుడ్డ పరిచి దాని మీద పెంచితే తేలిగ్గా ఊడొస్తుంది.

రాలిన గింజ తొక్కలు, ఎండి ఊడిపడిన బద్దలు పారేయకండి. అవి కూడా ఆ మొక్కవే. ఏ గ్రూపు రాలుడు ఆ గ్రూపు కవరులోనే వేయించండి. మొలవని గింజల్ని కూడా.

ఒక్కో మొక్కని తూచాలని చూడకండి. పది మొక్కలు కలిపి తూస్తేనే 0.01 గ్రాము చూపించే చిన్న త్రాసులో నమ్మదగ్గ అంకె వస్తుంది. గ్రాముల్లో మాత్రమే చూపించే త్రాసు ఈ పనికి చాలదు.

ఎండబెట్టడానికి 70 డిగ్రీల ఓవెన్ ఉంటే రెండు రోజులు. లేకపోతే కాగితం కవర్లలో వేసి మంచి ఎండలో పెట్టి, రెండు రోజులు వరసగా ఒకే బరువు వచ్చేదాకా తూస్తూ ఉండండి. కవరు ఖాళీగా ఉన్నప్పటి బరువు ముందే రాసుకోవడం మర్చిపోవద్దు. మేము మర్చిపోయాం.

వేరుమూలం
మంగళవారం, రాత్రి 9:15

పైనవన్నీ రత్నాల్లాంటి మాటలు. ఒక్కటి కలుపుతాను. ఎండినట్టు కనిపించే గింజలో కూడా సుమారు పదో వంతు నీళ్లుంటాయి. కాబట్టి ఎండిన మొక్క బరువుని మామూలు గింజ బరువుతో పోలిస్తే పోలిక చెడుతుంది. మూడో కవరు పెట్టండి: నాటకుండా, అదే ఎండలో, అన్ని రోజులూ ఎండబెట్టిన గింజలు. పోలిక వాటితో చేయండి. మొదట్లోనే మూడు కుప్పల బరువూ దాదాపు ఒకటే ఉండేలా గింజలు ఏరుకోవాలి, ఆ పని పిల్లలకి మహా సరదా.

కుండీఅమ్మ
బుధవారం, మధ్యాహ్నం 2:20

టీచర్ని కాదండీ, ఆరో తరగతి అబ్బాయికి అమ్మని. మీ మాటలు చదువుతుంటే ఒక విషయం చెప్పాలనిపించింది. పోయినేడు మావాడికి ఇలాంటి ప్రాజెక్టే ఇచ్చారు. మొక్క చచ్చిపోయింది. "మొక్క బతకలేదు" అని సగం మార్కులు కోశారు. మరుసటి నెల ఇంకో ప్రాజెక్టులో ఆ మొక్క కూడా చచ్చిపోతే, వాడు పెరట్లో ఏదో మొలక పీకి కప్పులో గుచ్చి తీసుకెళ్లాడు. పూర్తి మార్కులు వచ్చాయి. అబద్ధం ఆడాడని తిట్టాను, కానీ ఆ అబద్ధం నేర్పింది ఎవరో నాకు అర్థం కాలేదు.

చిగురుటీచర్
బుధవారం, సాయంత్రం 5:50

అమ్మా, చదివి మనసు చివుక్కుమంది. నేను మొక్కకి మార్కులు వేయను. నోట్‌బుక్కే నాకు ముఖ్యం. చచ్చిపోయిన రోజు ఏం కనిపించింది, అంతకు ముందు రెండు రోజులు ఏం మార్పు వచ్చింది, కారణం ఏమై ఉంటుందని వాడికి అనిపించింది, ఇవి రాసి ఉంటే బతికిన మొక్కవాడికంటే ఎక్కువే వేస్తాను. బతికిన మొక్కలు చాలాసార్లు విసుగు పుట్టిస్తాయి, నిజం చెప్పాలంటే.

లెక్కలమాస్టారు
బుధవారం, సాయంత్రం 7:10

అందుకే మొక్క ఒకడి పేరున ఉండకూడదు. "నా మొక్క" అనగానే అది బతకాలి, గెలవాలి. పది మొక్కలు ఒక గుంపువైతే అందులో రెండు చచ్చిపోయినా అది అంకె మాత్రమే, అవమానం కాదు. లెక్కల పరంగా కూడా అదే మంచిది. ఒక్క మొక్కతో పోల్చితే తెలిసేది ఆ గింజ సంగతే, వెలుతురు సంగతి కాదు.

కొత్తపంతులు
బుధవారం, రాత్రి 8:30

చావు మాట వచ్చింది కాబట్టి నా గోడు. మొలక బాగానే లేస్తుంది. రెండంగుళాలు రాగానే మొదలు దగ్గర కాండం సన్నబడి, నీళ్లూరి, ఒక్క రాత్రిలో పక్కకి ఒరిగిపోతుంది. పిల్లలేమో నీళ్లు చాలలేదని ఇంకా పోస్తున్నారు. దానికి తోడు శని, ఆదివారాలు నీళ్లు పోసేవాళ్లు లేరు.

ల్యాబ్‌తాళాలు
బుధవారం, రాత్రి 8:55

అది బూజు జాతి తెగులు, మొదలు కుళ్లు. నీళ్లు ఎక్కువై గాలి ఆడకపోతే వస్తుంది. కప్పు అడుగున కన్నాలు పెట్టారా? పెట్టి ఉండరు. పోయినేటి మట్టే మళ్లీ వాడారా? వాడే ఉంటారు. కన్నాలు పెట్టి, కొత్త మట్టి పోసి, పైమట్టి వేలికి పొడిగా తగిలేదాకా నీళ్లు పోయొద్దని చెప్పండి. పిల్లల చేతిలో మొక్కలు ఎండి చచ్చిపోయేది తక్కువ, మునిగి చచ్చిపోయేదే ఎక్కువ.

సెలవు రోజులకి దీపం వత్తి ఉపాయం. మందపాటి నూలుతాడు ఒక కొస కప్పు అడుగు కన్నంలోంచి మట్టిలోకి, రెండో కొస కింద నీళ్ల సీసాలోకి. ఎంత కావాలో అంతే పీల్చుకుంటుంది.

కుండీఅమ్మ
బుధవారం, రాత్రి 9:05

మావాడిది కూడా అలాగే ఒరిగిపోయింది! రోజుకి మూడుసార్లు నీళ్లు పోసేవాడు పాపం.

ఆకుపత్రం
గురువారం, ఉదయం 7:15

ఆరో తరగతికి గ్రాఫ్ ఇంకా రాదు అనేవాళ్లకి చిన్న చిట్కా. స్కేలు బదులు రంగు కాగితం పట్టీని మొక్క పక్కన పెట్టి, మొక్క ఎంత ఉంటే అంతకి కత్తిరించి, తారీఖు వేసి చార్టు మీద పక్కపక్కన అంటించాలి. రెండు వారాలకి గ్రాఫ్ దానంతటదే తయారవుతుంది. మా తరగతిలో చూపు సరిగా లేని పిల్లవాడొకడు ఉన్నాడు, వాడు ఆ పట్టీల మీద వేళ్లు నడిపి "ఈ రోజు నుంచి పెరగడం తగ్గింది" అని అందరికంటే ముందు చెప్పాడు.

మా వాళ్లిప్పుడు ఒక కప్పుకి పాటలు వినిపిస్తామంటున్నారు. వద్దనాలా?

లెక్కలమాస్టారు
గురువారం, ఉదయం 7:40

చేయనివ్వండి. షరతు ఒక్కటే: కొలిచేవాడికి ఏ కప్పు పాట విన్నదో తెలియకూడదు. అంకెలు వేసి కప్పులు కలిపేయండి. పాట పెట్టే స్పీకరు వేడి, కిటికీ దూరం కూడా చూసుకోండి.

పాతచాక్‌పీస్
గురువారం, రాత్రి 9:30

రెండు రోజులుగా ఊరికే చదువుతున్నాను. నిన్న రాత్రి నిద్ర పట్టక, చిగురుటీచర్ పిల్లల మీద ఆలోచన పోయింది. కొలతలు సరిగ్గా తీసి తప్పు తీర్పు ఇచ్చినవాళ్లలో వీళ్లే మొదటివాళ్లు కాదు.

వాన్ హెల్మాంట్ అని ఒకాయన. 200 పౌన్ల ఎండిన మట్టి కుండీలో పోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటాడు. అయిదేళ్లు నీళ్లు తప్ప ఏమీ పోయలేదు. దుమ్ము పడకుండా కుండీకి కన్నాల మూత కూడా పెట్టాడు. అయిదేళ్ల తర్వాత చెట్టు 169 పౌన్ల పైచిలుకు తూగింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది రెండు ఔన్సులు. మొక్క మట్టిని తిని పెరుగుతుందన్న పాత నమ్మకం అక్కడితో పడిపోయింది. ఎంత గొప్ప కొలత! కానీ ఆయన రాసుకున్న ముగింపేమిటి? చెట్టంతా నీళ్లలోంచే వచ్చిందని. ఇవన్నీ ఆయన పోయాక, 1648లో అచ్చయ్యాయి.

నేను ముప్ఫై ఏళ్లూ ఈ కథని "మట్టి కాదు" అన్న చోటే ఆపేశాను. ఆయన తప్పిన చోటుదాకా ఎప్పుడూ తీసుకెళ్లలేదు. టైము లేదనే.

వేరుమూలం
గురువారం, రాత్రి 10:10

మాస్టారూ, ఇందులో ఇంకో తమాషా ఉంది. "గ్యాస్" అన్న మాట పుట్టించింది ఈ వాన్ హెల్మాంటే. బొగ్గు కాల్చితే వచ్చే వాయువు గురించి రాసినవాడు కూడా ఆయనే. అంటే ఆ చెట్టు తిన్న కార్బన్ డయాక్సైడ్ ఆయనకి తెలిసిన వాయువే. ఒక చేతిలో చెట్టు, ఇంకో చేతిలో గాలి, రెండిటికీ ముడి వేయలేకపోయాడు. ఎండిన మొక్కలో కార్బన్ సుమారు 45 శాతం. అదంతా గాలిలోంచి వచ్చిందే. మట్టినుంచి వచ్చే ఖనిజాలు కొద్ది శాతమే.

చెడిపోయిన గాలిని పుదీన కొమ్మ మళ్లీ బాగుచేస్తుందని ప్రీస్ట్లీ అనే శాస్త్రవేత్త చూసింది 1771లో. దానికి వెలుతురు ఉండాలని, ఆ పని ఆకుపచ్చ భాగాలే చేస్తాయని ఇంగెన్‌హౌజ్ అనే ఇంకో శాస్త్రవేత్త తేల్చింది 1779లో. వాన్ హెల్మాంట్ పుస్తకం అచ్చయిన ఏడాది నుంచి లెక్కేసినా ఇక్కడిదాకా రావడానికి నూట ముప్ఫై ఏళ్లు. మీ ఏడో తరగతికి రెండు పీరియడ్లు ఎక్కువేమీ కాదు.

ల్యాబ్‌తాళాలు
శుక్రవారం, ఉదయం 8:00

గింజలు తెచ్చుకునే ముందు చూసుకోండి. గులాబీ, ఆకుపచ్చ రంగు పూత ఉన్న విత్తనాలకి మందు పట్టించి ఉంటారు, పిల్లల చేతికి ఇవ్వకూడదు. బద్దలు చూపించడానికి ఆముదం గింజ తేవడం మనకి అలవాటు, అందులో రైసిన్ అనే విషం ఉంది. గురివింద అంతకంటే ప్రమాదం. అందంగా ఉందని నోట్లో పెట్టుకునే పిల్లలుంటారు. చిక్కుడు జాతి గింజలు కూడా పచ్చివి నమలనివ్వకండి.

ఆకులో పిండిపదార్థం పరీక్షకి స్పిరిట్ వాడేవాళ్లు మంట మీద నేరుగా వేడి చేయొద్దు. మంట ఆర్పేసి, వేడినీళ్ల గిన్నెలో స్పిరిట్ గొట్టం నిలబెట్టండి.

చిగురుటీచర్
సోమవారం, రాత్రి 9:00 (మూడు వారాల తర్వాత)

చర్చ చచ్చిపోలేదు కదా? ఫలితాలు తెచ్చాను.

మళ్లీ మొదటినుంచి చేశాం. గ్రూపుకి పదేసి గింజల కుప్పలు మూడు. గింజలు ఏరి మూడు కుప్పల్నీ సమానం చేయడానికే ఒక పీరియడు పోయింది, కానీ ఆ రోజు ఒక్కడూ అల్లరి చేయలేదు. ఒక కుప్ప నాటకుండా ఎండబెట్టడానికి, ఒకటి కిటికీకి, ఒకటి అల్మారాకి. పల్చటి గుడ్డ మీద పెంపకం. పద్నాలుగు రోజులు. తర్వాత ఎండబెట్టడం, తూచడం, మళ్లీ ఎండబెట్టడం. రాలిన తొక్కలతో సహా.

ఎనిమిది గ్రూపుల సగటు, పది గింజలకి: నాటని గింజలు 3.15 గ్రాములు. అల్మారావి 2.27. కిటికీవి 3.41.

అల్మారా అంకె చూసి మొదటి గ్రూపు త్రాసు పాడైందనుకుంది. సున్నా చేసి మళ్లీ తూచారు. ఆ తర్వాత పక్క గ్రూపుది తూచారు. అన్నిటిదీ తగ్గిందే. ఆ నిశ్శబ్దం నేను మర్చిపోలేను. అప్పుడొకడు మెల్లిగా, "ఇంత పొడుగు పెరిగి తగ్గిందా? ఆ మిగతాది ఎక్కడికి పోయింది మేడమ్?" అన్నాడు. శ్వాసక్రియ పాఠం ఇంకా రెండు నెలల తర్వాత ఉంది. ఆ రోజే మొదలుపెట్టేశాను. మొలకెత్తే గింజల సీసాలోంచి గాలిని సున్నపుతేటలోకి పంపాం, తెల్లబడింది. అంటే ఆ మిగతాది కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలోకి పోతోందన్నమాట. పోలికకి ఉడకబెట్టిన గింజల సీసా ఇంకోటి పెట్టాం, అవి కుళ్లకముందే, అదే రోజు చూశాం కాబట్టి అది తెల్లబడలేదు.

ఇక అసలు కథ. "కిటికీవాటికి పెరిగిన పావు గ్రాము ఎక్కడినుంచి వచ్చింది?" అని అడిగాను. మట్టి లేదు కాబట్టి మట్టి అనలేరు. క్లాసులో సగానికి పైగా ఒకే గొంతుతో చెప్పిన జవాబు: నీళ్లు!

పాతచాక్‌పీస్
సోమవారం, రాత్రి 9:20

హహ్హ! 1648 మళ్లీ వచ్చింది! మీరు చెప్పేయలేదు కదా?

చిగురుటీచర్
సోమవారం, రాత్రి 9:31

లేదు మాస్టారూ. "నీళ్లయితే అల్మారావాటికి కూడా పోశాం కదా" అని ముందు బెంచీ అమ్మాయే అడ్డుపడింది. అక్కడ ఆపాను. వాన్ హెల్మాంట్ కథ చెప్పాను, ఈసారి ఆయన తప్పిన చోటుదాకా. మీ పేరు చెప్పలేదు గానీ "నాకు తెలిసిన ఒక పెద్దాయన" అన్నాను.

మొదటిరోజు "పుస్తకం తప్పా" అని అడిగింది ఈ అమ్మాయే. తన నోట్‌బుక్‌లో ఇలా రాసుకుంది: "పుస్తకం తప్పు కాదు. కానీ దేన్ని కొలిచారో అందులో రాయలేదు."

లెక్కలమాస్టారు
సోమవారం, రాత్రి 9:50

సగటు కింద ఏం దాచారు మేడమ్? ఎనిమిది గ్రూపులకీ కిటికీ బరువు పెరిగిందా?

చిగురుటీచర్
సోమవారం, రాత్రి 10:02

మీరు అడుగుతారని తెలుసు :) ఆరింటికి పెరిగింది. ఒకదానికి దాదాపు గింజ బరువే. ఆరో గ్రూపుది తగ్గింది, 2.80. క్లాసంతా "అది తీసేద్దాం మేడమ్, సగటు పాడవుతోంది" అని గొడవ. ఆరో గ్రూపువాళ్లు తలలు దించుకుని కూర్చున్నారు.

లెక్కలమాస్టారు
సోమవారం, రాత్రి 10:06

తీయనివ్వకండి! బరువు నచ్చలేదని తీయడం వేరు, కారణం దొరికి తీయడం వేరు. ఆ కప్పు ఎక్కడ పెట్టారో అడగండి.

చిగురుటీచర్
మంగళవారం, సాయంత్రం 6:00

అడిగాను. కిటికీ చివర, స్తంభం వెనక. ఎండ రోజుకి గంట కూడా తగలదు. అంటే అది కిటికీ కప్పు కాదు, సగం అల్మారా కప్పు. అంకె కూడా ఆ రెండిటి మధ్యలోనే ఉంది! తీసేయాలన్నవాళ్లే ఇప్పుడు దానికి వేరే గడి గీసి "తక్కువ వెలుతురు" అని పేరు పెట్టారు. ఆరో గ్రూపు ఈరోజు తలెత్తుకు తిరుగుతోంది. ఒక్క కప్పుతో తేలదని, ఈసారి నీడ కప్పులు అన్ని గ్రూపులూ పెట్టాలని వాళ్లే పట్టుబట్టారు.

వేరుమూలం
మంగళవారం, రాత్రి 8:15

చాలా సంతోషం. గాలి సంగతి తేల్చడానికి, కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేసే క్షారం ఉన్న సీసాలో ఆకుని పెట్టే పాత ప్రయోగం ఉంది కదా. ముందు రెండు రోజులు మొక్కని చీకట్లో ఉంచి, ఆకులో నిల్వ పిండిపదార్థం అంతా ఖర్చయ్యేలా చేయాలి, లేకపోతే రెండు ఆకులూ అయోడిన్‌తో నల్లబడతాయి. క్షారం చేతుల్ని కాలుస్తుంది, దాన్ని మీరే పట్టుకోండి, పిల్లలకి ఇవ్వకండి.

చిగురుటీచర్
మంగళవారం, రాత్రి 8:40

అది వచ్చే వారం. ఈలోగా ఇంకో తలనొప్పి. అల్మారా తలుపు సందులోంచి సన్నగా వెలుతురు వస్తుంది, అక్కడి మొక్కలన్నీ అటే వంగాయని ఒకడు చూశాడు. "మొక్క ఏ భాగంతో చూస్తుంది మేడమ్?" అని అడుగుతున్నాడు. ఒక పెట్టెకి కన్నం పెట్టి చూస్తారట.

వేరుమూలం
మంగళవారం, రాత్రి 9:05

అబ్బ, అడగాల్సిన ప్రశ్న. డార్విన్ తన కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి చేసింది ఇదే, 1880లో పుస్తకంగా వచ్చింది. చిక్కుడు వద్దు, ఓట్స్ లాంటి గడ్డిజాతి గింజలు తీసుకోండి, వాటి మొలక మీద తొడుగు ఉంటుంది. కొన్ని మొలకల కొసకి అల్యూమినియం రేకుతో చిన్న టోపీ పెట్టాలి, కొన్నిటికి కొస వదిలేసి కింద నడుముకి పట్టీ చుట్టాలి, కొన్నిటిని అలాగే వదిలేయాలి. టోపీ వదులుగా ఉండాలి, బిగిస్తే కొన విరుగుతుంది.

ల్యాబ్‌తాళాలు
మంగళవారం, రాత్రి 9:20

టోపీలు పెన్సిల్ ములుకు మీద చుట్టి తీయండి, సరిగ్గా సరిపోతాయి. పెట్టెకి పెట్టే కన్నం ఒక్కటే ఉండాలి, మూలలన్నీ నల్ల టేపుతో మూసేయండి. ఇంకో సంగతి, మీ అల్మారా తలుపు సందు కూడా. అదే మూసి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదనుకోండి.